సైలెన్సర్‌కి సిరామిక్ పూత: మామయ్య అడిగిన లెక్క

"ఒరేయ్ అల్లుడూ, నువ్వు ఇంజనీరింగే కదా. సైలెన్సర్‌కి సిరామిక్ కోటింగ్ అంట. పద్నాలుగు వేలు అవుద్ది అంటున్నాడు. చేయించమంటావా?"

సంక్రాంతి సెలవులకి ఇంకా మూడు వారాలు ఉందనగా మామయ్య ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. నేను చదివేది సి.ఎస్.ఇ. కారు గురించి నాకు తెలిసిందల్లా కిటికీ పక్క సీటు కోసం చెల్లితో కొట్లాడడం. కానీ మా ఇంట్లో ఇంజనీరింగ్ అంటే ఇంజనీరింగే. ఫ్యాన్ తిరక్కపోయినా, టీవీ రాకపోయినా నన్నే పిలుస్తారు. "తెలీదు మామయ్యా" అనడానికి నామోషీ వేసింది.

"సిరామిక్ అంటే ఇన్సులేటర్ కదా మామయ్యా. వేడి బయటికి రాదు. చేయించెయ్" అన్నాను.

ఆ సమాధానం ఇవ్వడానికి పది సెకన్లు పట్టింది. మర్నాడే మామయ్య రెండు వేలు అడ్వాన్సు కట్టేశాడు. నేను చెప్పింది ఎంత తప్పో తెలుసుకోడానికి మాత్రం నాకు ఆ మూడు వారాలూ సరిపోయాయి. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం. లెక్కలు ఉన్నాయి కానీ భయపడకండి, ఇంటర్ ఫిజిక్స్ దాటి ఏమీ లేదు.

అసలేం జరిగింది

మామయ్యది కైకలూరు దగ్గర ఊరు. పదకొండేళ్ల పాత డీజిల్ కారు ఒకటి కిరాయికి తిప్పుతాడు. చలికాలంలో ఆటపాక పెలికాన్ పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు, చేపల చెరువుల వాళ్లు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి వెళ్లే వ్యాపారులు, వీళ్లే ఆయన బేరాలు. కైకలూరు నుంచి ఏలూరు వెళ్లాలంటే కొల్లేరు మధ్యలోంచే రోడ్డు. రెండు పక్కలా నీళ్లు, గుర్రపుడెక్క, చెరువు గట్లు.

డిసెంబర్‌లో ఒక రాత్రి నెలలు నిండిన అమ్మాయిని, వాళ్లమ్మని ఎక్కించుకుని ఏలూరు ఆస్పత్రికి బయల్దేరాడు. కొల్లేరు మధ్యకి వచ్చేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. ఆ వెంటనే ఇంజన్ ఆగిపోయింది. బానెట్ ఎత్తితే పొగ. అదృష్టం బాగుండి వెనకే చేపల లోడు దించి వస్తున్న ఖాళీ వ్యాన్ ఒకటి ఆగింది. ఆ అమ్మాయిని అందులో పంపించారు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ అరగంట గురించి చెప్పేటప్పుడు మామయ్య గొంతు ఇప్పటికీ మారుతుంది.

కారణం ఏమిటంటే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచి వెళ్లే వైర్ల కట్ట వేడికి కరిగి ఒకదానికొకటి అంటుకుంది. మానిఫోల్డ్ అంటే ఇంజన్ సిలిండర్లలోంచి వచ్చే పొగని ఒకచోటికి చేర్చే ఇనుప గొట్టాల ముక్క. అక్కణ్ణుంచి డౌన్‌పైప్, తర్వాత సైలెన్సర్. మనవైపు వీటన్నిటినీ కలిపి సైలెన్సర్ అనేస్తాం.

వైర్లు మార్చాక ఎవరో చెప్పారని మామయ్య ఒక పెద్ద ఊళ్లో ఉన్న కోటింగ్ షాపుకి వెళ్లాడు. అక్కడ మూడు మాటలు చెప్పారు: బానెట్ లోపల చల్లగా ఉంటుంది, మైలేజీ పది శాతం పెరుగుతుంది, తుప్పు పట్టదు. పద్నాలుగు వేలు. ఆ పద్నాలుగు వేలూ మా మరదలి కాలేజీ ఫీజు కోసం దాచినవని తర్వాత అమ్మ చెప్పింది. అప్పుడు మొదలైంది నాకు కంగారు.

అమ్మమ్మ మట్టిపూత

నా మొదటి అనుమానం అమ్మమ్మ వల్ల వచ్చింది. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు దాని అడుగున మట్టీ బూడిదా కలిపి పూసేవాళ్లట. ఫోన్‌లో మాట్లాడుతూ అడిగాను: "అమ్మమ్మా, మట్టి పూస్తే వేడి తగలదు కదా, అన్నం లేటుగా ఉడికేదా?"

అమ్మమ్మ నవ్వింది. "పల్చటి పూత రా అది. అన్నం ఎప్పట్లాగే ఉడికేది. మసి గిన్నెకి పట్టకుండా, తోముకోడానికి తేలిగ్గా ఉంటదని పూసేవాళ్లం."

మట్టి కూడా ఇన్సులేటరే. మరి అన్నం ఎందుకు ఆలస్యం కాలేదు? పూత వేడిని ఆపేంత మందం లేదు. దాని ఉపయోగం గిన్నె ఉపరితలాన్ని కాపాడడం. సిరామిక్ కోటింగ్ గురించి ఇంజనీరింగ్ పుస్తకాల్లో నేను చదివింది దాదాపు ఇంతే, కాకపోతే అంకెలతో.

వేడి దారిలో టోల్ గేటు

మానిఫోల్డ్ లోపల పొగ వేడిగా ఉంది. బయట గాలి ఉంది. వేడి లోపల్నుంచి బయటికి రావాలంటే వరసగా మూడు అడ్డంకులు దాటాలి. ఒకటి, పొగ నుంచి గొట్టం గోడలోకి ఎక్కడం. రెండు, గోడ మందాన్ని, పూత ఉంటే పూతని కూడా దాటడం. మూడు, గోడ బయటి ముఖం నుంచి గాలిలోకి పోవడం.

విజయవాడ నుంచి ఏలూరు వస్తున్నారనుకోండి. కలపర్రు టోల్ గేటు దగ్గర పండగ రోజుల్లో బళ్లు బారులు తీరతాయి. ఆ రోజున మీ వీధి చివర కొత్తగా ఒక స్పీడ్ బ్రేకర్ వేస్తే మీరు ఇంటికి చేరే టైములో ఏం తేడా ఉంటుంది? ఏమీ ఉండదు. ఆలస్యమంతా టోల్ గేటు దగ్గరే అయిపోయింది. మన గొట్టంలో టోల్ గేట్లు ఒకటోదీ మూడోదీ. పూత అనేది స్పీడ్ బ్రేకర్.

అంకెల్లో చూద్దాం. పొగ 600 డిగ్రీలు, చుట్టూ ఉన్న గాలి 50 డిగ్రీలు అనుకున్నాను. పొగ నుంచి గోడకి వేడి ఎక్కే రేటు చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి 100 వాట్లు. బయట గాలి వైపు 20 వాట్లు. ఇవి పుస్తకాల్లో ఇచ్చే మామూలు శ్రేణిలోని అంకెలే. ప్రతి ఇంజన్‌కీ, ప్రతి వేగానికీ ఇవి మారతాయి. నాకు కావాల్సింది పోలిక కాబట్టి ఒకే అంకెల మీద నిలబడ్డాను. చిన్న పైథాన్ ప్రోగ్రాం రాస్తే, పూత లేని తుప్పు పట్టిన మానిఫోల్డ్ 420 డిగ్రీల దగ్గర స్థిరపడింది. దాని మీదనుంచి చదరపు మీటరుకి 18,000 వాట్ల వేడి బయటికి పోతోంది.

ఇప్పుడు పూత. కార్లకి స్ప్రే చేసే సిరామిక్ కోటింగ్ మందం 50 మైక్రాన్లు అనుకుందాం, అంటే తల వెంట్రుక మందం. దాని ఉష్ణవాహకత 1 అనుకుందాం, ఇది సిరామిక్‌లలో తక్కువ కిందే లెక్క. పూత లోపలి ముఖానికీ బయటి ముఖానికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంతో కనుక్కునే సూత్రం ఇదీ:

తేడా = వేడి ప్రవాహం × మందం ÷ ఉష్ణవాహకత

18,000 × 0.00005 ÷ 1 = 0.9 డిగ్రీ.

ఒక్క డిగ్రీ కూడా కాదు! ప్రోగ్రాంలో పప్పులో కాలేశానేమో అనుకుని మూడుసార్లు చూసుకున్నాను. ప్లాస్మా స్ప్రేతో 300 మైక్రాన్ల జిర్కోనియా మందంగా వేయించినా ఐదున్నర డిగ్రీలకి మించదు. 50 మైక్రాన్ల పూతతో బయటికి పోయే మొత్తం వేడిలో తగ్గుదల పావు శాతం. "సిరామిక్ అంటే ఇన్సులేటర్ కదా" అన్న నా పది సెకన్ల సమాధానం విలువ అంత.

మరి జెట్ ఇంజన్లలో ఎందుకు వాడతారు?

నా రూమ్మేట్ మెకానికల్. "విమానాల టర్బైన్ బ్లేడ్లకి ఇదే జిర్కోనియా వేస్తారు రా. వాళ్లు పిచ్చోళ్లా?" అన్నాడు. మంచి ప్రశ్న.

వాళ్లు పిచ్చోళ్లు కాదు. 1960లలో అమెరికా వాళ్ల ఎక్స్-15 రాకెట్ విమానం నాజిల్‌కే సిరామిక్ పూత వేశారు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఇలాంటి పూతల మీదే ఏళ్లుగా పని జరుగుతోంది. తేడా పూతలో లేదు, సూత్రంలోని మొదటి అంకెలో ఉంది. జెట్ ఇంజన్ బ్లేడులో వేడి ప్రవాహం చదరపు మీటరుకి పది లక్షల వాట్ల స్థాయిలో ఉంటుంది. పైగా బ్లేడు లోపల సన్నటి దారుల్లోంచి గాలి పంపి చల్లబరుస్తుంటారు. అదే సూత్రంలో 10,00,000 × 0.00025 ÷ 1 వేసి చూడండి. 250 డిగ్రీల తేడా. పావు మిల్లీమీటరు పూత బ్లేడు ప్రాణం కాపాడుతుంది.

మామయ్య కారు మానిఫోల్డ్‌లో ప్రవాహం దానికి యాభయ్యో వంతు కూడా లేదు. లోపల చల్లబరిచే ఏర్పాటూ లేదు. అదే పూతకి అక్కడ ఉన్న పని ఇక్కడ లేదు.

మందం కాదు, మెరుపు

ఇక్కడితో ఆపేసి "కోటింగ్ అంతా దండగ" అని రాసేస్తే ఇంకో తప్పు చేసినవాణ్ణి అవుతాను. మూడో అడ్డంకి సంగతి చూడాలి.

వేడి గొట్టం నుంచి వేడి రెండు రకాలుగా పోతుంది. కొంత గాలికి తగిలి. మిగతాది కిరణాలుగా, పొయ్యి ఎదురుగా కూచుంటే మొహానికి తగిలే సెగలాగా. గొట్టం ఎంత వేడెక్కితే ఈ సెగ అంత విపరీతంగా పెరుగుతుంది, కెల్విన్‌లో ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతంగా. నా లెక్కలో 18,000 వాట్లలో 10,600 ఈ సెగే. వైర్లని కరిగించింది ఎక్కువగా ఇదే.

ఈ సెగ ఉపరితలం తీరుని బట్టి ఉంటుంది. ఆ గుణం పేరు ఎమిసివిటీ. తుప్పు పట్టిన ఇనుముకి 0.85 దాకా ఉంటుంది. నల్లటి సిరామిక్ పూతకీ దాదాపు అంతే. కానీ అల్యూమినియం కలిసిన వెండిరంగు పూతకి చాలా తక్కువ, 0.35 అనుకుందాం. మళ్లీ ప్రోగ్రాం నడిపితే వచ్చిన ఫలితాలు:

పూత లేకుండా: లోహం 420 డిగ్రీలు. బయటికి పోయే వేడి 18,000 వాట్లు, అందులో సెగ 10,600.

నల్ల సిరామిక్ పూత: అంకెలన్నీ దాదాపు అవే.

వెండిరంగు పూత: లోహం 462 డిగ్రీలు. వేడి 13,800 వాట్లు, సెగ 5,600.

ఒకటిన్నర మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ పట్టీ చుడితే: లోహం 488, పట్టీ బయట 320 డిగ్రీలు. వేడి 11,200 వాట్లు, సెగ 5,750.

రెండు సంగతులు గమనించండి. వెండిరంగు పూత సెగని దాదాపు సగం చేసింది. ఇది నిజమైన లాభం. రెండోది, లోహం వేడి తగ్గలేదు, 42 డిగ్రీలు పెరిగింది! బయటికి పోవాల్సిన వేడిని ఆపితే అది లోపలే కదా ఉండాలి. దుప్పటి కప్పుకుంటే గది చల్లబడినా మనకి చెమట పట్టినట్టు. పోత ఇనుము దీన్ని తట్టుకుంటుంది. సన్నటి పాత స్టీలు గొట్టాలకీ, వెల్డింగ్ అతుకులకీ మాత్రం పట్టీ చుట్టే ముందు ఆలోచించాలి. పట్టీకి మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. నీళ్లు తగిలితే పీల్చుకుని గొట్టానికి తడిబట్ట చుట్టినట్టు ఉంచేస్తుంది, లోపల తుప్పు తినేస్తుంది. ఇంజన్ ఆయిల్ కారి దానికి పడితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

టెంపరేచర్ గన్ చూపించే మ్యాజిక్

షాపులో మామయ్యకి ఒక డెమో చూపించారట. పూత లేని గొట్టం మీద గన్ పెడితే ఎక్కువ, వెండిరంగు పూత ఉన్నదాని మీద పెడితే చాలా తక్కువ. "వంద డిగ్రీల పైనే తేడా వచ్చింది అల్లుడూ, నా కళ్లతో చూశాను" అన్నాడు. మరి నా లెక్కలో లోహం వేడి పెరిగిందేంటి?

రూమ్మేట్ తన ప్రాజెక్టు కోసం కొన్న ఇన్ఫ్రారెడ్ గన్ పట్టుకుని సంక్రాంతికి నాతో ఊరొచ్చాడు. అమ్మమ్మ వంటింట్లో స్టీలు గిన్నెలో నీళ్లు మరగబెట్టాం. గిన్నె ఒక వైపు దీపం మసి పట్టించాం, ఇంకో వైపు తళతళా తోమి ఉంది. మసి వైపు గన్ పెడితే 93 చూపించింది. మెరిసే వైపు 41. ఒకే గిన్నె, లోపల ఒకే మరుగుతున్న నీళ్లు! "41 అంట, పట్టుకో చూద్దాం" అన్నాడు రూమ్మేట్. నేను పట్టుకోలేదు.

గన్ ఉష్ణోగ్రతని తిన్నగా కొలవదు. సెగని కొలిచి, ఉపరితలం ఎమిసివిటీ 0.95 అని ఊహించుకుని, దాన్నుంచి ఉష్ణోగ్రత లెక్కకడుతుంది. మెరిసే వస్తువుకి ఆ ఊహ తప్పు. నా మానిఫోల్డ్ అంకెలకే నాలుగో ఘాతం లెక్క వేస్తే, పూత లేనిది నిజంగా 420 ఉంటే గన్ 400 చూపిస్తుంది. వెండిరంగుది నిజంగా 462 ఉంటే 300 చూపిస్తుంది. చూసేవాడికి వంద డిగ్రీలు తగ్గినట్టే కనిపిస్తుంది, లోహం మాత్రం 42 డిగ్రీలు పెరిగి ఉంది. గన్ సెగలో ఒక భాగాన్నే చూస్తుంది కాబట్టి అసలు తప్పు ఇంతకన్నా ఎక్కువే ఉండొచ్చు.

షాపువాళ్లు కావాలని మోసం చేశారని నేను అనను. గన్ మీద అంకె చూసి వాళ్లే నమ్మి ఉండొచ్చు. సెగ తగ్గిందన్నది నిజం కూడా. ఎవరైనా మీకు ఇలాంటి డెమో చూపిస్తే ఒక్క పని చేయండి. రెండు గొట్టాల మీదా వేడికి తట్టుకునే నల్ల పెయింట్ చుక్క ఒకటి పెట్టించి, ఆ చుక్కల మీద గన్ పెట్టమనండి.

మైలేజీ మాటేమిటి

పది శాతం మైలేజీ అన్న మాట దగ్గర నాకు ఎక్కువ టైము పట్టలేదు. ఇంజన్‌లో పని చేసేది సిలిండర్‌లో పిస్టన్‌ని తోసే వేడి. సిలిండర్ దాటి మానిఫోల్డ్‌లోకి వచ్చేసిన వేడికి తొయ్యడానికి పిస్టన్ లేదు. దాన్ని గొట్టంలోనే దాచి ఉంచితే వెనక పైపులోంచి పోతుంది, అంతే.

టర్బో ఉన్న కారైతే కొంచెం వేరు. పొగలో మిగిలిన శక్తితో టర్బో చక్రం తిరుగుతుంది కాబట్టి పొగ వేడిగా ఉంటే మంచిదే. ఎంత మంచిది? మానిఫోల్డ్ వైశాల్యం చదరపు మీటరులో పదో వంతు అనుకుంటే, వెండిరంగు పూత వల్ల మిగిలేది 420 వాట్లు. సెకనుకి 40 గ్రాముల పొగ పోతుంటే దాని ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరుగుతుంది. కెల్విన్‌లో 873 మీద పది, అంటే ఒక శాతం చిల్లర. అది టర్బోకి అందే శక్తిలో పెరుగుదల, మైలేజీలో కాదు. మైలేజీకి చేరేసరికి ఇంకా తగ్గిపోతుంది.

ఈ ఆశ కొత్తది కాదు. 1980లలో అమెరికా సైన్యం, కమిన్స్ కంపెనీ కలిసి ఇంజన్ లోపలి భాగాలకే సిరామిక్ వాడి, రేడియేటర్ లేని ఐదు టన్నుల ట్రక్కు నడిపించారు. చల్లబరిచే నీళ్లలోకి పోయే వేడిని ఆపితే అది ఎక్కువగా పొగలోంచి బయటికి పోయింది. దాన్ని పట్టుకుని పనిగా మార్చడానికి వేరే యంత్రాలు కావాల్సొచ్చాయి. వేడిని ఆపడం ఒకటి, దానితో పని చేయించుకోవడం ఒకటి.

అయినా మామయ్య వైపు నుంచి ఉదారంగా ఒక శాతం మైలేజీ ఇచ్చేద్దాం. నెలకి 3,000 కిలోమీటర్లు, లీటరుకి 15. నెలకి 200 లీటర్లు. ఒక శాతం అంటే రెండు లీటర్లు, లీటరు వంద అనుకుంటే 200 రూపాయలు. పద్నాలుగు వేలు తిరిగి రావడానికి 70 నెలలు, ఆరేళ్లకి కాస్త తక్కువ. కారుకి అప్పటికి పదిహేడేళ్లొస్తాయి.

తుప్పు: ఇక్కడ మాత్రం నిజం ఉంది

మూడో మాట తుప్పు. కొల్లేరు చుట్టుపక్కల ఇనుము సంగతి మీకు తెలిసిందే, గేటుకి వేసిన రంగు ఎన్నాళ్లో నిలవదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేట్లోకే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్లు కూడా ఇటే వచ్చాయి. అలాంటి నీళ్లలో నడిచిన కారు అడుగున గొట్టాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

సరిగ్గా వేసిన పూత ఇక్కడ పనికొస్తుంది. నీటినీ గాలినీ ఇనుముకి తగలనివ్వదు. అమ్మమ్మ మట్టిపూత చేసిన పనే. "సరిగ్గా" అన్న మాటలోనే ఖర్చంతా ఉంది. గొట్టాన్ని ఇసుకలాంటి గట్టి పొడితో కొట్టి తుప్పంతా ఊడగొట్టాలి, స్ప్రే చేయాలి, కొలిమిలో పెట్టి గట్టిపరచాలి. తుప్పు మీదే బ్రష్షుతో పూసేస్తే కొన్నాళ్లకి పెచ్చులూడుతుంది. వేడెక్కినప్పుడు ఇనుమూ పూతా ఒకే మోతాదులో సాగకపోయినా ఊడుతుంది. జిర్కోనియా వ్యాకోచం ఇనుముకి దగ్గరగా ఉండడం దాన్ని ఎంచుకోడానికి ఒక కారణం.

కాబట్టి కొత్త గొట్టం వేయిస్తున్నప్పుడు పూత వేయిస్తే అర్థముంది. పదకొండేళ్లు తుప్పు తిన్నదానికి పద్నాలుగు వేలు పెడితే లేదు.

బైకు చెప్పిన జవాబు

భోగి ముందు రోజు రూమ్మేటూ నేనూ కారు బానెట్ ఎత్తి చూస్తున్నాం. మా చెల్లి పక్కన నిలబడింది. దాని కాలి పిక్క మీద బైకు సైలెన్సర్ కాలిన మచ్చ ఉంది. మనలో సగం మందికి ఉంటుందది. ఆ మచ్చ మా తాతయ్య పాత బండి వల్ల వచ్చింది. ఆ బండి సైలెన్సర్‌కి ఉండాల్సిన రేకు ఊడిపోయి చాలా కాలమైంది.

ఆ రేకు గుర్తొచ్చి నేను మా బైకు దగ్గరకి వెళ్లి చూశాను. సైలెన్సర్ మీద మెరిసే రేకు ఒకటి, గొట్టానికి అతుక్కోకుండా కొంచెం ఎడంగా బిగించి ఉంది. మధ్యలో గాలి. గొట్టం సెగలో ఎక్కువ భాగాన్ని రేకు వెనక్కి కొడుతుంది, మిగతాది రెండు పక్కలా గాలి పట్టుకుపోతుంది. మానిఫోల్డ్ అంకెలతో, గాలి ఆడుతుందనుకుని లెక్క వేస్తే రేకు 150 డిగ్రీల లోపే ఉంది. పక్కన ఉన్నవాటి మీదకి అది పంపే సెగ చదరపు మీటరుకి కొన్ని వందల వాట్లు. 10,600 ఎక్కడ, వందలు ఎక్కడ.

"కార్లకి కూడా ఇది ఉండాలి కదరా" అన్నాడు రూమ్మేట్. ఇద్దరం మళ్లీ బానెట్‌లోకి వంగాం. మానిఫోల్డ్ మీద మూడు బోల్టు రంధ్రాలు. రెండు ఖాళీ, ఒకదాంట్లో తుప్పు పట్టి విరిగిన బోల్టు ముక్క.

కారుతో పాటు కంపెనీ ఇచ్చిన రేకు అక్కడ ఉండేది. ఎప్పుడో గ్యాస్కెట్ మార్చినప్పుడు ఎవరో బోల్టులు రాక విరగ్గొట్టి, రేకు తీసి పక్కన పడేశారు. మళ్లీ పెట్టలేదు. అది లేకపోయినా కారు నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, కొల్లేరు మధ్యలో ఆ రాత్రి దాకా.

అయితే చేయించాలా, వద్దా?

ఎవరైనా అడిగితే నేనిప్పుడు ఎదురు మూడు ప్రశ్నలు అడుగుతాను.

పక్కన ఉన్న వైర్లు, రబ్బరు గొట్టాలు కాపాడాలా? ముందు కంపెనీ రేకు ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి. రేకు పెట్టడానికి చోటే లేకపోతే వెండిరంగు పూత ఆలోచించండి. నల్లది ఈ పనికి రాదు.

తుప్పు ఆపాలా? కొత్త గొట్టమైతే పూత మంచి పెట్టుబడే.

మైలేజీ కావాలా? టైర్లలో గాలి చూసుకోండి, ఎయిర్ ఫిల్టర్ మార్చండి. పూత మీద ఆశ పెట్టుకోవద్దు.

భోగి రోజు పొద్దున్నే మామయ్యకి అన్నీ చెప్పాను. మొదట ఫోన్‌లో నేను చెప్పింది తప్పని కూడా చెప్పాను. అది చెప్పడం నాలుగో ఘాతం లెక్క కన్నా కష్టమైంది. మామయ్య కాసేపు ఏమీ అనలేదు. "నువ్వు చెప్పావనే కట్టాను రా" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

పండగ వెళ్లాక ఏలూరులో విరిగిన బోల్టు తీయించి, పాత సామాన్ల షాపులో దొరికిన అదే మోడల్ రేకు బిగించారు. వైర్ల కట్టని నాలుగు అంగుళాలు దూరం జరిపి వేడికి తట్టుకునే తొడుగు వేశారు. మొత్తం పద్నాలుగు వందలు అయింది. షాపువాళ్లు అడ్వాన్సు వెనక్కివ్వలేదు. ఆ రెండు వేలూ నా స్కాలర్‌షిప్ రాగానే ఇస్తానన్నాను. "ఉంచుకోరా, నీ చదువు ఫీజు అనుకుంటాను" అన్నాడు మామయ్య. నేను ఇచ్చే తీరతాను.

మొన్న ఫోన్ చేసి, ఇంట్లో ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ వేయించమంటావా అని అడిగాడు.

"తెలీదు మామయ్యా" అన్నాను. "ఒక వారం టైమియ్యి, చూసి చెప్తాను."